దినాల లెక్కకన్నా దేవుని స్వరూపం మిన్న

నూరేళ్లు దాటినా ఆ కేసు గురించి క్రైస్తవ లోకం ఇంకా మాట్లాడుకుంటూనే ఉంది. 1925 జూలైలో అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో, డేటన్ అనే చిన్న ఊళ్లో జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడిపై విచారణ జరిగింది. దేవుడు మనిషిని సృష్టించాడన్న బైబిలు బోధను కాదని, మనిషి జంతువుల నుంచి పుట్టుకొచ్చాడని ప్రభుత్వ పాఠశాలల్లో చెప్పకూడదన్నది అప్పట్లో అక్కడి చట్టం. స్కోప్స్ దాన్ని మీరాడన్నది అభియోగం. ప్రాసిక్యూషన్ పక్షాన విలియం జెన్నింగ్స్ బ్రయన్, స్కోప్స్ పక్షాన క్లారెన్స్ డారో నిలిచారు. బ్రయన్ మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన నేత, నిష్ఠగల ప్రెస్బిటేరియన్ విశ్వాసి. స్కోప్స్‌కు వంద డాలర్ల జరిమానా పడింది. ఆ తర్వాత అయిదు రోజులకే బ్రయన్ అదే ఊళ్లో కన్నుమూశాడు. జరిమానా విధించిన పద్ధతిలో లోపముందంటూ 1927లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. దేవుడా, డార్వినా అన్న తగువు మాత్రం ఆగలేదు.

ఆ విచారణలో చాలామంది మరిచిపోయిన విశేషం ఒకటుంది. బైబిలు తెలిసినవాడిగా సాక్ష్యమివ్వడానికి కూర్చున్న బ్రయన్‌ను, సృష్టి దినాలు ఇరవై నాలుగు గంటలవేనా అని డారో గుచ్చి గుచ్చి అడిగాడు. అలాగని తాననుకోవడం లేదని, అవి సుదీర్ఘ కాలాలు కావచ్చునని బ్రయన్ జవాబిచ్చాడు. మరి ఆయన దేనికోసం పోరాడినట్టు? బలవంతుడే బతకాలి, బలహీనుడు నశించాలి అన్నది మనుషుల మధ్య నీతిసూత్రమైపోతే పేదల గతేమిటన్నది ఆయన్ను వేధించిన భయం. అది ఉత్త భయం కాదు. స్కోప్స్ బడిలో పాఠ్యపుస్తకంగా ఉన్న ‘సివిక్ బయాలజీ’ మానవజాతులకు మెట్లు కట్టి, తెల్లవారిని పైమెట్టున కూర్చోబెట్టింది. పనికిరానివారని ముద్రపడిన కుటుంబాలు పిల్లల్ని కనకుండా ఆపాలని కూడా బోధించింది.

అయితే ఆ మెట్లు కట్టింది మనిషి గర్వమే తప్ప జీవశాస్త్రం కాదు. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా వారి డీఎన్‌ఏ దాదాపు 99.9 శాతం ఒక్కటేనని 2003లో పూర్తయిన మానవ జన్యుపటం ప్రాజెక్టు చాటింది. దానికి నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ నాస్తికత్వం విడిచి క్రీస్తు వద్దకొచ్చిన విశ్వాసి. దేవుడు తన సృష్టికార్యానికి ఎంచుకున్న విధానమే జీవపరిణామమన్నది ఆయన నమ్మకం.

ఇలా ఆలోచించడం కొత్త పోకడేమీ కాదు. ప్రొటెస్టెంటు సంస్కర్త జాన్ కాల్విన్ 1554లో ఆదికాండానికి వ్యాఖ్యానం వెలువరిస్తూ, సూర్యచంద్రులను రెండు పెద్ద జ్యోతులన్న మాట దగ్గర (ఆది 1:16) కాసేపు ఆగాడు. శనిగ్రహం చంద్రుడికన్నా పెద్దదని ఖగోళ శాస్త్రజ్ఞులు అప్పటికే చెబుతున్నారు. కాల్విన్ వారిని తిట్టలేదు, బైబిలును తప్పుపట్టనూ లేదు. మోషే సామాన్యుడి కంటికి కనిపించినట్టుగా రాశాడని, ఖగోళశాస్త్రం ఎంతో ప్రయోజనకరమైన విద్య అని వివరించాడు. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలన్న నేటి శాస్త్రవేత్తల మాటకు కలవరపడే విశ్వాసులకు కాల్విన్ నిబ్బరం మంచి పాఠం.

ఈ నిబ్బరం లేని చోట నష్టపోయేది మన పిల్లలే. బైపీసీ చదివే అమ్మాయికి కాలేజీలో జీవపరిణామం ఒక పాఠం. అది నమ్మితే నరకమేనని చర్చిలో ఒకరు, అది చదివాక దేవుడెందుకని బయట మరొకరు బెదిరిస్తే ఆమె ఎటు పోవాలి? శిలలను, జన్యువులను పరీక్షించి సృష్టి ఎలా జరిగిందో శాస్త్రం చెప్పగలదు. కాని మంచాన పడ్డ ముసలితల్లిని, బుద్ధి ఎదగని పసివాణ్ణి ఎందుకు ప్రేమించాలో ఏ ప్రయోగశాల చెప్పగలదు? ఆ జవాబు ఆదికాండంలో ఉంది. దేవుడు నరుణ్ణి తన స్వరూపంలో సృజించాడు (ఆది 1:27). మొదటి అధ్యాయానికి గుండెకాయ లాంటి మాట అదే.

ఆ మాట విలువ తెలుగు విశ్వాసికి ఒకరు చెప్పాలా? 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు అంటరానివారన్న ముద్రతో ఊరి వెలుపల బతికినవారే. ఊరు తాకనొల్లని ఆ మనుషులు కూడా దేవుని స్వరూపమే అన్నది సువార్త వారికిచ్చిన గౌరవం. భూమి వయస్సు ఎంతని తేలినా ఆ గౌరవం తరిగిపోదు.

కాని దాన్ని తరిగించేది మరొకటుంది. అందరికీ తండ్రి ఆదామేనని ఆదివారం గొంతెత్తి ప్రకటించి, సోమవారం పెళ్లిసంబంధం దగ్గర కులం పేరు అడిగే విశ్వాసి ఆదికాండాన్ని నమ్మినట్టా, నమ్మనట్టా? డార్విన్ మీద కత్తులు నూరే ముందు మన సంఘాలు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. దేవుని స్వరూపాన్ని ఎదుటి మనిషిలో చూడలేనివాడు, సృష్టి దినాల లెక్క ఎంత కచ్చితంగా చెప్పినా సృష్టికర్తను ఎరగనివాడే!