బస్సు సరే, రాత్రికెక్కడ?

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. తెలంగాణలో 2023 డిసెంబరులోనే మొదలైంది. పనీపాటా లేకుండా ఆడవాళ్ళు ఊళ్ళు తిరుగుతున్నారన్న వెటకారం కూడా వెంటనే మొదలైంది. తిరగనివ్వండి. మగవాళ్ళు ఏ పని మీద తిరుగుతున్నారో ఇంతకాలం మనమెవరం అడగలేదు. మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక ఆమె ఎక్కడ పడుకుంటుంది?

కొల్లేటి లంక గ్రామం నుంచి భర్తను ఏలూరు ఆసుపత్రిలో చేర్చిన స్త్రీ వరండాలోనే వారాలు గడుపుతుంది. పరీక్ష రాయడానికి ముందురోజే తాడేపల్లిగూడెం చేరిన అమ్మాయి స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుంటుంది, తెల్లవారేదాకా ఆ టికెట్టే ఆమెకు రక్షణ. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి వచ్చి ఏలూరు-కైకలూరు దారి మునిగినప్పుడు ఇవతల చిక్కుకుపోయిన వాళ్ళలో ఆడవాళ్ళు లేరా? సర్వేలనీ, శిక్షణలనీ నెలల తరబడి ఊళ్ళు తిరిగే మన కార్యకర్తల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కొన్నేళ్ళ కిందట కొల్లేటి గ్రామాల్లో పని మీద వెళ్ళి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒక లాడ్జి మెట్లెక్కాను. గుమాస్తా రిజిస్టరు తెరిచి, నా వెనక్కి చూసి, "మీతో ఎవరూ రాలేదాండి?" అన్నాడు. రాలేదన్నాను. రిజిస్టరు మూసేశాడు. కోప్పడలేదు, అవమానించలేదు, చాలా మర్యాదగా గదుల్లేవన్నాడు. నా తర్వాత వచ్చిన ఇద్దరు మగవాళ్ళకు మాత్రం గది దొరికింది. నలభై దాటినదాన్ని, పేరు ముందు డాక్టరు ఉన్నదాన్ని, నా గతే ఇదైతే చేతిసంచీతో వచ్చిన కూలీ స్త్రీని ఆ మెట్లయినా ఎక్కనిస్తారా?

రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్ళ ప్రవేశంలో మతం, జాతి, కులం, పుట్టినచోటుతో పాటు లింగం కారణంగా కూడా ఎవరినీ అడ్డుకోరాదంటుంది. ఇది ప్రభుత్వానికే కాదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానికీ వర్తిస్తుంది. కుల వివక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ అధికరణాన్ని గుర్తు చేసుకుంటాం. లాడ్జి మెట్ల మీద మాత్రం మరిచిపోతాం. ఆ రాత్రి నేనూ మరిచిపోయాను.

సత్రాలున్నాయి కదా అంటారు. సత్రం మన నేల మీద పుట్టిన మంచి ఏర్పాటే. కానీ ఎవరి సత్రం? ఒక్కో కులానిది ఒక్కోటి. ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాల్లో అంటరానితనం నేరమని 1955 నాటి చట్టంలో పేరుపెట్టి రాయవలసి వచ్చిందంటేనే వాటి గుమ్మాల దగ్గర ఏం జరిగేదో తెలుస్తుంది. కులం గుమ్మం దాటినా, జంటకో కుటుంబానికో తప్ప ఒంటరి మనిషికి గది ఇవ్వమనే నియమం ఎదురవుతుంది. 1987 నాటి దేవాదాయ చట్టం కిందికి సత్రాలూ వస్తాయి. దాత బాటసారుల కోసమని రాసిచ్చిన సత్రం పెళ్ళిళ్ళకు అద్దెకు పోతుంటే అడిగే హక్కు మనకుంది.

ఇక ప్రభుత్వ వసతుల సంగతి. హింసకు గురైన స్త్రీకి 2015 నుంచి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి, కొద్దిరోజులు తల దాచుకోవచ్చు. దిక్కులేని స్త్రీకి శక్తి సదన్, ఉద్యోగినికి సఖి నివాస్ ఉన్నాయి. ఇవన్నీ మన ఉద్యమాలు పోరాడి తెచ్చుకున్నవే, తక్కువ చేసి మాట్లాడను. అయితే మంచం దొరకాలంటే స్త్రీ బాధితురాలో, అనాథో, ఉద్యోగో కావాలి. ఏ బాధా లేకుండా, తన పని మీద తాను ఊరు దాటి వచ్చిన మనిషికి ఏ దరఖాస్తులోనూ గడి లేదు.

అందుకే చివరికి అందరం ఇళ్ళ మీద పడతాం. ఇక్కడ డొక్కా సీతమ్మ గారిని తలుచుకోకుండా ఉండలేం. గోదావరి పాయల మధ్య లంకల గన్నవరంలో, 1909లో చనిపోయేదాకా, ఆ దారిన వచ్చినవారికి వేళ చూడకుండా వండిపెట్టిన మనిషి. ఆమె గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఎన్నాళ్ళకో అంతర్వేది బయలుదేరిందట. దారిలో ఆకలితో ఉన్న పెళ్ళిబృందం సీతమ్మ ఇంటికి చేరితే అన్నం దొరుకుతుందని పిల్లలకు చెప్పుకోవడం విని వెనక్కి తిరిగిందట. ఈ కథ విని అందరూ ఆమె త్యాగానికి చేతులు జోడిస్తారు. నాకు మాత్రం ఆమె ఆగిపోయిన ప్రయాణం గుర్తొస్తుంది. ఊరందరికీ బస ఇచ్చిన మనిషికి నాలుగు రోజులు ఊరు దాటే వీలు లేకపోయింది.

లాడ్జి కాదన్నాక నేను మూడు వారాలు ఒక లంక గ్రామంలో వడ్డి కులస్తుల ఇంట్లో ఉన్నాను. ఆ ఇల్లాలు ఉన్న ఒక్క మంచం నాకిచ్చి తాను పిల్లలతో నేల మీద పడుకుంది. చుట్టూ కొల్లేరే అయినా తాగే నీళ్ళు మోసుకు తెచ్చుకోవలసిందే, నా మూలాన రోజుకు రెండు బిందెలు ఎక్కువయ్యాయి. డబ్బివ్వబోతే "ఇంటికొచ్చినోళ్ళ దగ్గర తీసుకుంటారేంటండీ" అంది. తిరిగొచ్చి రాసిన నివేదికలో వసతి ఖర్చు దగ్గర సున్నా వేశాను. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని పదేపదే రాసే చేత్తోనే వేశాను ఆ సున్నా.

మన సంస్థల బడ్జెట్లలో ఈ సున్నా ఇప్పటికీ ఉంది. ప్రయాణ ఖర్చుల కింద బస్సు, ఆటో, జిరాక్సు అన్నీ ఉంటాయి. బస ఇచ్చిన స్త్రీకి రోజుకింత అని ముందుగానే రాసుకుంటే, అది దానమూ కాదు, మొహమాటమూ కాదు. వద్దనేవాళ్ళుంటారు. అడిగే పద్ధతి మనం నేర్చుకోవాలి.

పట్టణాల సంగతీ తేల్చుకోవాలి. 2013 నాటి పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకు కనీసం వందమందికి ఆశ్రయం ఉండాలంది. 2011 జనాభా లెక్కల ప్రకారమే ఏలూరు రెండు లక్షలు, తాడేపల్లిగూడెం లక్ష దాటాయి. అంటే అక్కడ రెండు వందల మందికి, ఇక్కడ వందమందికి చోటుండాలి. ఆ ఆశ్రయాలు నిరాశ్రయుల కోసం, వారి చోటును మనం ఆక్రమించకూడదు. బస్టాండు పక్కనే, నామమాత్రపు అద్దెకు, ఒంటరిగా వచ్చిన స్త్రీకి ఏ కారణమూ అడగకుండా మంచం ఇచ్చే హాలు ఒకటి వేరుగా కావాలని పురపాలక సంఘాలనూ ఆర్టీసీనీ అడుగుదాం.

ఏలూరు, గూడెం, కైకలూరు, ఆకివీడుల్లో ఉన్న పాఠకులు వచ్చే సంచికలోగా ఒక పని చేయాలి. మీ ఊరి రాత్రి ఆశ్రయానికి, దేవాదాయ శాఖ సత్రానికి, ఒక లాడ్జికి సాయంత్రం ఏడు దాటాక ఒంటరిగా వెళ్ళి చోటు అడగండి. వాళ్ళేమన్నారో ఉన్నదున్నట్టు రాసి పంపండి. వీలైతే రిజిస్టరులో ఒంటరి ఆడపేర్లు ఎన్నున్నాయో కూడా చూసి రండి.