మత్తు విడిచిన మరునాడు

న్యూఢిల్లీ: మాదకద్రవ్యాల సమస్య పార్లమెంటులో ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ప్రశ్నోత్తరాల తీరు దాదాపు ఒక్కటిగానే ఉంటుంది. ఎన్ని కిలోలు పట్టుబడ్డాయి, ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎందరిని అరెస్టు చేశారు అని సభ్యులు అడుగుతారు. మంత్రిగారు రాష్ట్రాలవారీ పట్టికను సభాసమక్షంలో ఉంచుతారు. అంతటితో ఆ ప్రశ్న ముగుస్తుంది. అయితే ఆ పట్టికలలో సాధారణంగా కనిపించని అంకె ఒకటి ఉంది. చికిత్స పొంది ఇంటికి వెళ్లినవారిలో ఏడాది గడిచాక ఎందరు మత్తుకు దూరంగా నిలబడ్డారన్నదే ఆ అంకె. పట్టుబడ్డ సరుకును తూకం వేయడం సులభం. బాగుపడ్డ మనిషిని తూచడానికి మన పాలనాయంత్రాంగం ఇంకా తక్కెడ సమకూర్చుకోలేదు.

సమస్య పరిమాణం ఎంతటిదో ప్రభుత్వానికి తెలియదని ఎవరూ అనలేరు. సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ కోరగా అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లమంది, వారిలో 5.7 కోట్లమందికి పైగా ఏదో ఒక రూపంలో సహాయం అవసరమైనవారు. నల్లమందు, హెరాయిన్, ఆ జాతికి చెందిన మాత్రల విషయంలో సహాయం అవసరమైనవారు సుమారు 77 లక్షలమంది. ఇంతకంటే కలవరపెట్టే అంకె మరొకటి ఆ నివేదికలోనే ఉంది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కడు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పాడు. తక్కిన 37 మంది ఎవరి దగ్గరకు వెళుతున్నారు? ఇంట్లో ఆడవాళ్ల మొక్కుల దగ్గరకు, గుడికి, దర్గాకు, చర్చికి, గురుద్వారాకు, మాల వేయించే గురుస్వామి దగ్గరకు వెళుతున్నారు. చాలామంది ఎక్కడికీ వెళ్లడం లేదు. కాబట్టి విశ్వాసమూ, సంఘమూ ఈ వ్యాధి విషయంలో ఏమి చేయగలవు, ఏమి చేయలేవు అన్నది కేవలం భక్తులకు సంబంధించిన చర్చ కాదు. ప్రజారోగ్యానికీ, రాజ్యనీతికీ సంబంధించిన చర్చ.

మతానికీ మత్తుకూ గల సంబంధం మన రాజ్యాంగ నిర్మాతల ఎదుటకే వచ్చింది. నేటి 47వ అధికరణంగా మనకు తెలిసిన మద్యనిషేధ సూత్రంపై 1948 నవంబరులో రాజ్యాంగసభ చర్చ జరిపింది. గాంధీజీ బోధనను, మత గ్రంథాల శాసనాలను ఆధారం చేసుకుని నిషేధాన్ని సమర్థించినవారు అనేకులు. ఆదివాసుల పక్షాన లేచిన జైపాల్ సింగ్ మాత్రం దానిని ప్రతిఘటించారు. బియ్యపు బీరు తమవారి పూజావిధులలో భాగమనీ, దానిని నిషేధించడం మతస్వేచ్ఛలో జోక్యమేననీ ఆయన వాదించారు. ఎవరి వాదం సరైనదన్న తీర్పు అటుంచితే, ఆనాటి చర్చలో తేలిన సత్యం ఒకటి ఉంది. మత్తును వదిలించేదీ సంఘమే, మత్తును చేతికి అందించేదీ సంఘమే.

ఈ సత్యం రాజస్థాన్‌లోని మార్వాడ్ ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ నల్లమందు మర్యాదకు గుర్తు. పెళ్లి జరిగినా, చావు సంభవించినా, పాత పగలు చల్లార్చి రాజీ కుదిర్చినా నల్లమందు కలిపిన నీటిని అరచేతిలో పోసి అతిథికి ఇవ్వడం తరతరాల ఆచారం. కాదనడం ఇచ్చినవాణ్ణి అవమానించడమే. అటువంటి సమాజంలో ఒక వ్యక్తిని ఆసుపత్రిలో చేర్చి, ఒంట్లో విషం దిగిపోయేదాకా ఉంచి ఇంటికి పంపితే ఏమవుతుంది? మరునాడు బంధువు అరచేయి చాపుతాడు. కథ మొదటికి వస్తుంది.

జోధ్‌పూర్ సమీపంలోని మానక్లావ్ గ్రామంలో నారాయణ్ సింగ్ మానక్లావ్ నల్లమందు విముక్తి శిబిరాలు నడిపింది ఈ పరిస్థితిని గుర్తించే. అలవాటుపడ్డవారు గుంపుగా వచ్చి ఒకేచోట ఉంటారు. మందులతో పాటు ప్రార్థన, భజన, సామూహిక జీవనం ఆ చికిత్సలో భాగం. నల్లమందు మానినప్పుడు కలిగే ఒళ్లునొప్పులూ, నిద్రలేమీ, ప్రాణం మీది విసుగూ పక్కమంచం మీది మనిషికి కూడా ఉన్నాయని తెలియడం వల్ల కలిగే ధైర్యాన్ని ఏ వైద్యుడూ చీటీమీద రాసి ఇవ్వలేడు. అంతకు మించి, పదిమంది కలిసి మానుకుని ఊరికి వెళితే, కాదని చేయి వెనక్కి తీసుకునేవాడు ఇక ఒంటరివాడు కాడు. అప్పుడు ఆచారమే మారడానికి అవకాశం ఏర్పడుతుంది. ఈ శిబిరాల నిర్వాహకుణ్ణి 2003లో రాష్ట్రపతి రాజ్యసభకు నామినేట్ చేశారు. మనిషికి గౌరవం దక్కింది. ఆయన అనుసరించిన పద్ధతికి జాతీయ విధానంలో అంతటి స్థానం దక్కిందా అన్నదే ప్రశ్న.

సంఘబలం అంటే గ్రామీణులకు మాత్రమే పనికివచ్చేదని అనుకోవడం పొరపాటు. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఆక్రన్ పట్టణంలో తాగుడుకు బానిసలైన ఇద్దరు కలుసుకున్నారు. ఒకరు షేర్ల వ్యాపారి, మరొకరు శస్త్రవైద్యుడు. తాగుబోతు మాట తాగుబోతుకే అర్థమవుతుందన్న అనుభవం మీద వారు ప్రారంభించిన సంస్థే ఆల్కహాలిక్స్ అనానిమస్. పేరు బయటపెట్టుకోని తాగుబోతుల సంఘమని దాని అర్థం. 1939లో అచ్చయిన వారి గ్రంథంలో పన్నెండు సోపానాలు ఉన్నాయి. తన శక్తి చాలదని ఒప్పుకోవడం, తనకు మించిన శక్తిని ఆశ్రయించడం, తాను ఎవరికి అపకారం చేశాడో లెక్క చూసుకుని సరిదిద్దుకోవడం, తనవంటి మరొకరికి తోడ్పడడం వాటి సారం. దేవుడన్న మాట అందులో ఉంది. ఆ దేవుడు ఎవరన్నది మాత్రం ఎవరికి వారు నిర్ణయించుకోవలసిందే. ఆ వెసులుబాటు వల్లనే 1957లో మన దేశానికి వచ్చిన ఈ సంఘంలో హిందువూ, ముస్లిమూ, క్రైస్తవుడూ, ఏ దేవుణ్ణీ నమ్మనివాడూ ఒకే గదిలో కూర్చోగలుగుతున్నారు. రుసుము లేదు. అధ్యక్ష పదవికి పోటీ లేదు. బయటివారి విరాళాలు తీసుకోరాదన్నది వారి నియమం. ప్రభుత్వాన్ని గ్రాంటు అడగని సంస్థను రాజధానిలో చూడడం అరుదైన విషయమని వేరే చెప్పనక్కరలేదు.

దీనిని భావావేశమని కొట్టిపారేసేవారు ఉన్నారు. వారికి సమాధానం 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో ఉంది. పదివేలమందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను ఆ సమీక్ష పరిశీలించింది. రోగిని ఒక పద్ధతి ప్రకారం ఇటువంటి సంఘంలోకి చేర్పించే చికిత్స, మద్యానికి పూర్తిగా దూరంగా ఉంచడంలో తక్కిన పేరుపొందిన మానసిక చికిత్సలకంటే మెరుగైన ఫలితం ఇచ్చిందని తేల్చింది. ఇందులో మహిమ ఏమీ లేదు. తాగే స్నేహితుల స్థానంలో తాగని స్నేహితులు వస్తారు. సాయంకాలం ఆరు గంటలకు వెళ్లడానికి మరొక చోటు దొరుకుతుంది. అర్ధరాత్రి నాలుక తడి ఆరినప్పుడు తిట్టకుండా మాట్లాడే మనిషి ఒకడు ఉంటాడు.

మన పక్కనే ఉన్న చెన్నై నగరంలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టీటీకే ఆసుపత్రి ఈ రెండు మార్గాలను కలిపి చూపింది. ఆమె భర్త తాగుడు వల్ల చిన్నవయసులోనే మరణించారు. ఆయన రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడూ, ఆ తరువాత కేంద్ర ఆర్థికమంత్రీ అయిన టీటీ కృష్ణమాచారి మనుమడు. 47వ అధికరణాన్ని చర్చించిన తరంవారి ఇంటిలోకే ఈ వ్యాధి ప్రవేశించిందంటే, ఇది పేదవాడి దుర్వ్యసనమని ముక్కు విరిచేవారు ఆలోచించుకోవాలి. ఆ ఆసుపత్రి వైద్యాన్నీ, కుటుంబానికి చెప్పే హితవునూ, కోలుకున్నవారి తోడునూ ఒక్కచోట చేర్చింది. పట్టణానికి రాలేనివారి కోసం తంజావూరు ప్రాంతపు పల్లెలలో శిబిరాలు పెట్టింది.

ఇంతవరకు చెప్పినది ఒక పక్షం. రెండవ పక్షాన్ని దాచడం న్యాయం కాదు. చర్చికీ, యువజన సంఘాలకూ మిజోరంలో ఉన్నంత పలుకుబడి దేశంలో మరెక్కడా లేదంటే అతిశయోక్తి కాదు. 1997లో అక్కడ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 2015లో సడలింది. 2019లో తిరిగి వచ్చింది. అయినా మయన్మార్ సరిహద్దున ఉన్న ఆ రాష్ట్రమూ, దాని ఇరుగుపొరుగు రాష్ట్రాలూ నల్లమందు జాతి మత్తుపదార్థాల వాడకంలో దేశానికి ముందున్నాయని పైన పేర్కొన్న సర్వేయే చెబుతోంది. విశ్వాసం లేచినవాణ్ణి నిలబెట్టగలదు. సరిహద్దు దాటి వచ్చే సరుకునూ, ఉద్యోగం లేని యువకుని ఖాళీ మధ్యాహ్నాన్నీ అది ఒంటరిగా ఎదుర్కోలేదు.

విశ్వాసం పేరిట సాగే నిర్బంధం ఇంకా ప్రమాదకరమైనది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా మహిమను నమ్మి కుటుంబాలు తెచ్చి దిగవిడిచిన మానసిక రోగులు ఉన్న పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్నందువల్ల పాతికమందికి పైగా పారిపోలేక కాలిపోయారు. వారు మత్తుకు బానిసలు కాకపోవచ్చు. కాని అదే గొలుసు, అదే దెబ్బ, అదే తాళం వేసిన గది మత్తు మాన్పిస్తామనే ప్రైవేటు కేంద్రాలు కొన్నింటిలోనూ బయటపడుతూ వచ్చాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చట్టం ఉన్నంతమాత్రాన తనిఖీ ఉన్నట్లు కాదు.

మరొక నిర్బంధం మందు విషయంలో కనిపిస్తుంది. హెరాయిన్‌కు బానిసైనవారికి బుప్రెనార్ఫిన్ వంటి మందులు ప్రాణం నిలుపుతాయని వైద్యశాస్త్రం నిస్సందేహంగా చెబుతోంది. ఆ మందు వేసుకోవడం విశ్వాసలోపమని చెప్పే ఆశ్రమమైనా, ప్రార్థనామందిరమైనా తెలియకుండానే చావుకు దారి చూపుతోంది. మధుమేహ రోగిని ఇన్సులిన్ మాని భజన చేయమని ఎవరూ అనరు గదా!

ఈ సందర్భంలో తెలుగువారి అనుభవాన్ని గుర్తు చేసుకోకుండా ఉండలేము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. ఖజానా నిండింది, దుకాణం తిరిగి వచ్చింది. ఊరి ఆడవాళ్లు సాధించిన అపూర్వమైన సంఘబలాన్ని, తాగుడు మానిన మగవాణ్ణి నిలబెట్టే బలంగా మలచడానికి ఏ ప్రభుత్వమూ శ్రద్ధ వహించలేదు. 2015లో తెలంగాణలో కల్తీకల్లు మీద అధికారులు ఉక్కుపాదం మోపినప్పుడు, కల్లులో కలిపిన మత్తుమందులకు అలవాటుపడ్డ కూలీలు వణుకుతో, పిచ్చిచూపులతో పెద్దసంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. సరఫరా ఆపడం ఎలాగో ఆబ్కారీశాఖకు తెలుసు. ఆపిన మరునాడు ఏమవుతుందో ఆలోచించవలసినవారు ఎవరో ఎవరికీ తెలియలేదు.

కేంద్రప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని అనడం లేదు. 2020 ఆగస్టు 15న 272 జిల్లాలలో నషాముక్త భారత్ ప్రచారం ప్రారంభమైంది. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షను, తనంతతాను చికిత్సకు ముందుకు వచ్చే బానిసకు విచారణ నుంచి రక్షణ కల్పిస్తోంది. స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలకు గ్రాంట్లు అందుతున్నాయి. కాని ప్రతిజ్ఞలు చేయించడం, ఊరేగింపులు జరపడం ప్రచారానికి సరిపోతాయి గాని చికిత్సకు సరిపోవు.

చేయవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. గ్రాంటు పొందే ప్రతి కేంద్రమూ ఎందరిని చేర్చుకున్నదన్న లెక్కతో ఆగక, ఏడాది తరువాత వారు ఎలా ఉన్నారో కూడా చెప్పాలి. జిల్లా ఆసుపత్రి నుంచి బయటికి వెళ్లే రోగికి, మందులచీటీతో పాటు అతని ఊరికి దగ్గరలో కోలుకున్నవారు ఎక్కడ కలుసుకుంటారో తెలియజేయాలి. అటువంటి సమావేశాలకు సాయంకాలం బడిగది తెరిచి ఉంచాలి. ప్రజల పన్నులతో నడిచే చోట ప్రార్థన ఉండవచ్చు గాని దానిని చికిత్సకు షరతు చేయరాదు. విశ్వాసం లేనివాడికి కూడా అంతే ఆదరం గల చోటు ఉండాలి. తాళాలు వేసే కేంద్రాలను ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేయాలి. మత పెద్దలు తమ వేదికల మీద నుంచి పాపం అన్న మాట తగ్గించి వ్యాధి అన్న మాట పెంచితే, 37 మందిలో కొందరైనా సిగ్గు విడిచి తలుపు తడతారు.

ఒక్క మాట మాత్రం మరువరాదు. మద్యం మీద వచ్చే రాబడితో బడ్జెట్లు సరిచూసుకునే ప్రభుత్వాలు, ఆ మద్యంతో కూలిపోయిన కుటుంబాలను దేవుడికి అప్పగించి చేతులు దులుపుకోవడం భక్తి అనిపించుకోదు. దేవుడి పని దేవుడు చేస్తాడు. సంఘం పని సంఘం చేయడానికి మానక్లావ్‌లోనూ, చెన్నైలోనూ, దూబగుంటలోనూ సిద్ధపడింది. ఇక ప్రభుత్వం తన వంతు పని చేయాలి. వచ్చే సమావేశాలలో ఎవరైనా సభ్యులు లేచి, పట్టుబడ్డ కిలోలతో పాటు నిలబడ్డ మనుషుల లెక్కను కూడా అడిగితే, ఆ పనికి నాంది పలికినట్లే.