మార్చాల్సింది ఎవరి ప్రవర్తనని?

గే పురుషులలో హెచ్.ఐ.వి. నివారణ అనగానే మన స్వచ్ఛంద సంస్థల శిక్షణా తరగతుల్లో ముందుగా వినిపించే మాట ‘ప్రవర్తనలో మార్పు’. ఇది మనకి కొత్త మాటేమీ కాదు. అత్యాచారం జరిగినా, మొగుడు కొట్టినా ముందు ప్రశ్నించేది మన ప్రవర్తననే కదా! అందుకే ఆ మాటంటే నాకు అనుమానం.

కండోమ్‌లూ కౌన్సెలింగూ అనవసరమని నేననడం లేదు. అసలు ఆ దారి వేసిందే గే పురుషులు. 1983లో న్యూయార్క్‌లో ఆ జబ్బుతో పోరాడుతున్న మైకేల్ కాలెన్, రిచర్డ్ బెర్కొవిట్జ్, డాక్టర్ జోసెఫ్ సొనబెండ్ సలహాతో, కండోమ్ వాడకం గురించి దాపరికం లేకుండా చెప్పే చిన్న పుస్తకం తెచ్చారు. ఎయిడ్స్‌కి కారణమైన వైరస్ ఏదో అప్పటికింకా రూఢి కాలేదు. తమని తాము కాపాడుకోడానికి వాళ్లు ఎవరి బోధల కోసమూ ఎదురుచూడలేదు. మరి ప్రభుత్వం ఏం చేసింది? 1987లో సెనెటర్ జెస్సీ హెల్మ్స్ తెచ్చిన సవరణతో, స్వలింగ సంబంధాలను ‘ప్రోత్సహించే’ ఎయిడ్స్ ప్రచారానికి కేంద్ర నిధులు ఇవ్వకూడదని అమెరికన్ కాంగ్రెస్ తీర్మానించింది.

మన దేశం తక్కువేం తినలేదు. 1994లో తీహార్ జైల్లో కండోమ్‌లు పంచడానికి అధికారులు ఒప్పుకోలేదు. 2001 జూలైలో లక్నోలో ఎయిడ్స్ నివారణ కార్యకర్తలను 377వ సెక్షన్ కింద అరెస్టు చేసి 47 రోజులు జైల్లో ఉంచారు. కండోమ్‌లూ కరపత్రాలూ నేరానికి సాక్ష్యాలయ్యాయి! ఇక్కడ మారాల్సింది ఎవరి ప్రవర్తన?

మనిషిని విడిగా కూర్చోబెట్టి మార్చడానికి హద్దులున్నాయి. అమెరికాలోని ఆరు నగరాల్లో 4,295 మందితో జరిపిన ‘ఎక్స్‌ప్లోర్’ అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. పది విడతల కౌన్సెలింగ్ పొందిన వారిలో ఇన్ఫెక్షన్లు 18 శాతం తక్కువగా కనిపించినా, గణాంకపరంగా ఆ తేడా రుజువు కాలేదు.

‘మరి వాళ్ల భార్యల సంగతేమిటి?’ అని మనలోనే కొందరు అడుగుతారు. అడగాల్సిందే. కానీ ఇష్టంలేని మగవాడి మెడలు వంచి పెళ్లి చేసేదీ, ఆ భార్యకి కండోమ్ అడిగే హక్కు లేకుండా చేసేదీ ఒకే కుటుంబ వ్యవస్థ. ఆమెకి జరిగిన అన్యాయానికి అతని లైంగికతని దోషిగా నిలబెడితే అసలు దోషి తప్పించుకుంటుంది.

2018లో సుప్రీంకోర్టు పెద్దల మధ్య సమ్మతితో జరిగే స్వలింగ సంబంధాలు నేరం కావంది. వైరస్ సోకకుండా ముందే వేసుకునే మాత్రలూ వచ్చాయి. అయినా పోలీసుకీ, ఇంట్లోవాళ్లకీ, ఆస్పత్రిలో వెకిలి చూపులకీ భయపడేవాడు నోరు తెరిచి వాటిని అడగగలడా?

కాబట్టి ఎన్ని కండోమ్‌లు పంచామన్న లెక్కలతో సరిపెట్టుకోవద్దు. ఎంతమంది పోలీసులని నిలదీశాం, ఎన్ని బలవంతపు పెళ్లిళ్లు ఆపాం, కార్యక్రమం రూపొందించేటప్పుడు ఎంతమంది గే పురుషులు మన పక్కన కూర్చున్నారు? మన రిపోర్టుల్లో ఈ లెక్కలు కూడా రాద్దాం.