అల్లపు బిస్కత్తు – అసలు పద్దు

ఇంగ్లండునకు బోవు మన విద్యార్థులును, ఉద్యోగులును, వారిని జూడబోవు తలిదండ్రులును లండను చూచిన పిమ్మట పల్లెపట్టులందలి చిన్న సంతయూళ్లను జూచి మురియుట నేడు పరిపాటి యైనది. మురియుటను మేము తప్పుపట్టము. కాని చూచినదానికెల్ల ముగ్ధులై, లెక్క యడుగక మరలివచ్చుట మనకు తగదు.

ష్రాప్‌షైరు మండలమున మేము చూచిన మార్కెట్ డ్రేటన్ అట్టి యూరే. 1245లో మూడవ హెన్రీ రాజు అచ్చటి బుధవారపు సంతకు పట్టా నిచ్చెను. నేటికిని బుధవారము సంత జరుగుచునే యున్నది. 1651లో అగ్నిప్రమాదమున ఊరు చాలవరకు దగ్ధముకాగా ప్రజలు మరల గట్టుకొనిరి. అల్లపు బిస్కత్తులకు ఆ యూరు ప్రసిద్ధము. తమ సంతను ఇన్ని తరములు కాపాడుకొన్నవారు మెప్పునకు పాత్రులే.

ఆ యూరి చేరువనే 1725లో రాబర్టు క్లైవు పుట్టెను. ఆ యూరి బడిలో చదివెను. బాల్యమున చర్చి గోపురమెక్కెననియు, తోడి పిల్లలను గూర్చుకొని, అంగళ్ల కిటికీలు పగులగొట్టకుండుటకై వర్తకులయొద్ద కాసులు గుంజెననియు కథలు చెప్పుకొందురు. వినువారు నవ్వుదురు. మాకు నవ్వు రాలేదు. ఆ కిటికీల బేరమే పెద్దదై ప్లాసీకి వచ్చినది. 1757లో మీర్ జాఫరును గద్దెనెక్కించి అతడు పుచ్చుకొన్న సొమ్ము 2,34,000 పౌనులు; పిదప యేటేట 27,000 పౌనుల జాగీరు!

అది బంగాళపు గొడవ, మనకేమి యందురా? 1758లో కర్నలు ఫోర్డును కలకత్తా నుండి ఉత్తర సర్కారులకు పంపినవాడు ఈ క్లైవే. ఆ డిసెంబరులో చందుర్తి యుద్ధము. మరుసటి యేప్రిలులో బందరు కోట పతనము. 1765లో క్లైవు షా ఆలమువలన సంపాదించిన ఫర్మానాతో సర్కారులు కంపెనీకి దత్తము! ఆ ఫర్మానాకు ఏ రైతు సమ్మతించెను? ఏ సాలె చేవ్రాలు చేసెను? డ్రేటన్ సంతకు రాజపట్టా రక్ష యైనది. మనకు పాదుషా ఫర్మానా సంకెల యైనది. కంపెనీ బయానా పట్టిన నేతగాడు తాను నేసిన గుడ్డను తన యిష్టమైన ధరకు అమ్ముకొనజాలడయ్యెను.

1773లో పార్లమెంటు విచారణ జరిపి, క్లైవు ఆ సొమ్ము పుచ్చుకొన్నాడని తీర్మానించెను. వెంటనే దేశమునకు గొప్ప సేవ చేసెననియు తీర్మానించెను. నేరము రుజువు, శిక్ష ప్రశంస! న్యాయస్థానములందు ఇన్నియేండ్లు మెలగిన మేము ఇట్టి తీర్పు మఱియొకటి యెఱుగము. 2020లో ష్రూస్‌బరీ పట్టణమందలి క్లైవు ప్రతిమను తొలగింపుడని వేలమంది కోరినను, అచ్చటి కౌన్సిలు దానిని నిలుపుటకే నిర్ణయించెను.

పాత గొడవ యేల, నేటి డ్రేటన్ కూరగాయల వర్తకుడు చేసిన పాపమేమని కొందఱందురు. ఏమియు లేదు. అతనిపై మాకు ద్వేషము లేదు. జమ చూపి ఖర్చు దాచిన పద్దుపైననే మా యభ్యంతరము. అంతకంటె సిగ్గుచేటైనది మన మఱపు. క్లైవును వారు మఱువలేదు. చందుర్తిని మనము మఱచితిమి. మన పఠనమందిరములలో ఎందఱకు ఆ యుద్ధము పేరు తెలియును?

డ్రేటన్ పోవువారు బిస్కత్తు కొనుడు, సంత చూడుడు. పిమ్మట చేరువనున్న మోర్టన్ సే చర్చికి పోయి క్లైవు సమాధి యెచ్చటనని యడుగుడు. చెప్పినవారికి బందరు కథ చెప్పుడు. అంతకు ముందు దానిని మనము చదువుకొందము.