ఒళ్లు చేయడం ఆశీర్వాదమా?

దేవుని మందసం ఫిలిష్తీయుల చేతికి చిక్కిందన్న కబురు చెవిన పడగానే యాజకుడైన ఏలీ పీఠం మీది నుంచి వెనక్కి పడి, మెడ విరిగి చనిపోయాడు. అతడు వృద్ధుడనీ, భారీకాయుడనీ బైబిలు ఆ సందర్భంలోనే చెబుతుంది (1 సమూ 4:18). ఏలీ బరువును బైబిలు అపహసించలేదు, పాపమనీ అనలేదు. అయితే ప్రజలు తెచ్చిన అర్పణల్లో శ్రేష్ఠమైన భాగాలతో ఆ ఇంటివారు తమను తాము పోషించుకుంటున్నారని దేవుడు అంతకుముందే గద్దించాడు (1 సమూ 2:29). యాజకుని భోజనబల్ల కూడా దేవుని లెక్కలోకి వస్తుందన్నమాట!

మన గోదావరి డెల్టాలో చాన్నాళ్లకు కనిపించిన వారిని ‘దేవుడు దీవించాడు, కాస్త ఒళ్లు చేశారు’ అని పలకరించడం మర్యాద. ఒకప్పుడు ఆ మాటకు అర్థముంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేదాకా ఇది కరువులతో, వరదలతో అల్లాడిన నేల. ఆకలి చూసిన ఆ తరాలకు నిండైన శరీరం నిజంగానే స్తుతికి కారణం. ఇప్పుడు కోతలు యంత్రాలు కోస్తున్నాయి. కాలవగట్టు మీద సైకిళ్ల స్థానంలో మోటారు సైకిళ్లు తిరుగుతున్నాయి. విస్తట్లో అన్నం మాత్రం పొలం పని చేసిన నాటంతే ఉంది. దాని పక్కన పూతరేకులు, కాజాలు, కూల్‌డ్రింకులు చేరాయి.

దీని ఫలితం లెక్కల్లోకీ ఎక్కింది. 2003-04లో నాటి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో సంభవించిన 1,354 మరణాల కారణాలను వైద్య పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి విచారించారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు నూటికి 32 మంది. అంటురోగాలతో పోయినవారు అందులో సగం కూడా లేరు. ఇదే ప్రాంతంలో 30 ఏళ్లు పైబడినవారిలో నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్లు 2006లో ప్రచురితమైన మరో అధ్యయనం చెప్పింది. ఇవి పట్నాల లెక్కలు కావు, మన పల్లెల లెక్కలు. ఈ జబ్బులన్నిటికీ బరువొక్కటే కారణం కాదు, కానీ ముఖ్య కారణాల్లో అదొకటి.

పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది, రక్తపోటు పెంచుతుంది, కాలేయంలోనూ చేరుతుంది. బరువు మరీ ఎక్కువైతే మోకాళ్లు అరుగుతాయి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది, కొన్నిరకాల క్యాన్సర్ల ముప్పూ పెరుగుతుంది. మన దేశస్థులకు తక్కువ బరువులోనే ఈ ముప్పు మొదలవుతుంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారు 64 కిలోలకు చేరితే అది ఊబకాయమేనని మన వైద్యుల లెక్క. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

తాగుడు మీద, పొగాకు మీద మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవలేదు. విస్తరి మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా? ఉపవాస ప్రార్థన ముగియగానే బిర్యానీ, స్వీటు సిద్ధం. కొసరి కొసరి వడ్డించకపోతే ప్రేమ చాలలేదనుకుంటాం. కాపరులమైన మా సంగతీ అంతే. ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా కోడికూర తినకుండా కదలనివ్వరు! అది ప్రేమేనని మాకూ తెలుసు. కానీ మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు చెప్పిన మాట (1 కొరింథీ 6:19) ఆ బల్ల దగ్గర కూడా సత్యమే కదా?

అలాగని లావుగా ఉన్నవారందరినీ తిండిపోతులని తీర్పు తీర్చడం మరింత పెద్ద అపరాధం. వంశపారంపర్యం, థైరాయిడ్ లోపం, కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. చవకగా దొరికే బియ్యంతోనే కడుపు నింపుకోక తప్పని పేదరికమూ ఉంది. గుడిలో పరిహాసానికి గురైన సహోదరి మళ్లీ గుడికీ రాదు, ఆసుపత్రికీ వెళ్లదు. పరిస్థితి తీవ్రమైతే మందులు వాడడం, శస్త్రచికిత్స చేయించుకోవడం అవిశ్వాసమేమీ కాదు.

సంఘం చేయగలిగింది చాలా ఉంది. ప్రేమవిందులో అన్నం తగ్గించి కూర, పప్పు, కాయగూరలు పెంచుదాం. ‘చాలు’ అన్నవారిని బలవంతపెట్టవద్దు. నెలకొక ఆదివారం ఆరాధన తర్వాత రక్తపోటు, చక్కెర, నడుము కొలత చూపించుకునే ఏర్పాటు చేద్దాం. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ని అడగకుండా ఉపవాసం ఉండవద్దని ముందే ప్రకటిద్దాం. వందకిలోల మనిషి అయిదు నుంచి పది కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర అదుపులోకి వచ్చే అవకాశం ఉంది. సాయంకాలం కాలవగట్టు మీద నలుగురు విశ్వాసులు కలిసి నడిస్తే ఖర్చేమీ లేదు. నడుస్తూ ప్రార్థించుకోవచ్చు కూడా!