పులిరాజా భార్య సంగతి

ఇరవై ఏళ్ల కిందట మన రోడ్ల పక్కన హోర్డింగుల మీద ఒక ప్రశ్న కనబడేది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఎయిడ్స్ అవగాహన ప్రచారానికి కల్పించిన పాత్ర పులిరాజా; ఊరూరా జనం నోట నానిన ప్రశ్న అది. పలకడానికి నోరు రాని విషయాన్ని టీకొట్టు దగ్గర మాట్లాడుకునేలా చేసింది. ఆ ప్రచారం చేసిన మేలును నేను తక్కువ చేయను. కానీ అందులో లేని మనిషి ఒకరున్నారు. పులిరాజాకు భార్య ఉంటే ఆమెకు ఏమవుతుంది? ఆమెకు ఎవరు చెబుతారు? చెప్పినా ఆమె ఏం చేయగలదు? ఈ ప్రశ్నలు అప్పుడు వేయలేదు. ఇప్పటికీ సరిగా వేయడం లేదు.

వేయనక్కర్లేదని చెప్పే వాదం కూడా ఇప్పుడు ఒకటి తయారైంది. వైరస్‌కు ఆడా మగా తేడా లేదు, పరీక్ష ఒకటే, మాత్ర ఒకటే, రెండూ ఉచితమే. పాజిటివ్ వచ్చినవాళ్లను గుర్తించి మందు మింగించడమే అసలు పని. మధ్యలో ఈ స్త్రీల సమస్యలూ జెండర్ చర్చలూ దేనికి, అవి స్వచ్ఛంద సంస్థల రిపోర్టులకు పనికొచ్చే మాటలు కదా అంటారు. వైద్యం తెలిసినవాళ్లు, బాగా చదువుకున్న మిత్రులు ఈ మాట అనగా చాలాసార్లు విన్నాను. వినడానికి సమానత్వంలాగే ఉంటుంది. అందుకే దీన్ని ఊరికే వదలకూడదు.

శరీరం దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ వాదం చేసేవాళ్లు సైన్సు తమ పక్షాన ఉందనుకుంటారు. స్త్రీ పురుషుల కలయికలో వైరస్ మగవాడి నుంచి ఆడమనిషికి సోకే అవకాశం, ఆమె నుంచి అతనికి సోకే అవకాశం కంటే ఎక్కువ. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు మిగతా స్త్రీలతో పోలిస్తే ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగతావారికి ముప్పయ్యో ఏట నుంచి చేయమనే స్క్రీనింగును వీళ్లకు పాతికేళ్లకే మొదలుపెట్టమంటోంది. ఇక మాత్ర ఒకటే అన్న మాట. హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునే డెస్కోవీ అనే మాత్రకు 2019లో అమెరికా అనుమతి ఇచ్చినప్పుడు, యోనిమార్గ సంభోగం వల్ల ముప్పు ఉన్నవారిని అందులోంచి మినహాయించారు. కారణం, వాళ్ల మీద ఆ మందును పరీక్షించనే లేదు. స్త్రీలను పరీక్షలో చేర్చకుండా తయారు చేసిన మందును పట్టుకుని మందు అందరికీ ఒకటే అనడం ఎలా కుదురుతుంది? దీనికి భిన్నంగా, ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్‌ను దక్షిణాఫ్రికా, ఉగాండా దేశాల్లో ఆడపిల్లల మీదే, యువతుల మీదే పరీక్షించారు. అది తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని పనిచేస్తే దొరికే ఫలితం అది.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో బతుకుతున్నవారు 3.21 లక్షల మంది. మహారాష్ట్ర తర్వాత దేశంలో ఎక్కువ మంది ఇక్కడే. వయోజనుల్లో వ్యాప్తి చూస్తే జాతీయ సగటుకు మూడు రెట్లు. దేశం మొత్తం మీద హెచ్‌ఐవీ ఉన్నవారిలో ప్రతి ఐదుగురిలో ఇద్దరికి పైగా స్త్రీలే. కానీ నివారణ కార్యక్రమాలు ఏళ్ల తరబడి ఎవరి వెంట నడిచాయి? సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు, స్వలింగ సంపర్కులైన పురుషులు, సూదులతో మత్తుమందు తీసుకునేవారు. వాళ్లందరికీ అది అవసరమే, ఆ పని ఆగకూడదు. అయితే లారీ డ్రైవర్ భార్య ఈ జాబితాలో లేదు. ఆమె ముప్పు లేని సాధారణ జనాభా కింద లెక్క. ఆమెకు చెప్పినదల్లా ఒక్కటే, భర్తకు నమ్మకంగా ఉండమని. ఆమె నమ్మకంగానే ఉంది. జబ్బు ఆ నమ్మకమున్న ఇంట్లోకే వచ్చింది.

మరి కండోమ్ ఉంది కదా అంటారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి అది ముప్పై ఏళ్లు నిండకముందే అయిపోతుంది. దంపతుల మధ్య కండోమ్ వాడకం చాలా తక్కువ. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆపరేషన్ అయిపోయింది, ఇక పిల్లలు పుడతారన్న భయం లేదు. అలాంటి ఇంట్లో భార్య ఒక రాత్రి భర్తను కండోమ్ వాడమని అడిగితే దానికి ఏ అర్థం వస్తుంది? నీ మీద నాకు అనుమానం అని. లేదంటే, నువ్వు ఎవడితో తిరిగావని అతనే ఎదురు ప్రశ్న వేస్తాడు. దెబ్బలు పడే ఇళ్లలో ఆ ప్రశ్న నోటితో ఆగదు. కుటుంబ నియంత్రణ భారమంతా ఆడవాళ్ల కడుపు మీద పెట్టి మగవాణ్ణి దాని నుంచి తప్పించిన మన పద్ధతి, అతన్ని కండోమ్ నుంచి కూడా తప్పించింది. ఆ సంగతి హెచ్‌ఐవీ కార్యక్రమం నడిపేవాళ్లకు పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది?

పోనీ, ఆమె వద్దనవచ్చు కదా? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ చదవండి. భార్యకు 18 ఏళ్లు నిండితే, ఆమెకు ఇష్టం లేకపోయినా భర్త బలవంతంగా కలవడం అత్యాచారం కాదని అందులో రాసి ఉంది. వద్దనే హక్కును చట్టమే గుర్తించని చోట, జాగ్రత్త పడమని ఆమెకు కరపత్రం ఇవ్వడం వల్ల ఏం ఒరుగుతుంది?

పరీక్ష ఒకటే అన్నారు కదా, అది ఎలా జరుగుతుందో చూడండి. కడుపుతో ఉన్న అమ్మాయి అత్తగారిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వస్తుంది. రక్తం తీస్తారు. హిమోగ్లోబిన్, షుగర్, బ్లడ్ గ్రూపు, వాటితో పాటే హెచ్‌ఐవీ. కాసేపటికి కౌన్సెలర్ ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలుస్తారు. బయట బెంచీ మీద అత్తగారు ఎదురు చూస్తుంటుంది. ఆ తలుపు తీసుకుని బయటికి వచ్చేలోగా ఆ పిల్ల ఏం చెప్పాలో, ఏం దాచాలో తేల్చుకోవాలి. పుట్టబోయే బిడ్డను కాపాడే పరీక్ష అది, తప్పకుండా చేయాలి. కానీ ఆ ఇంట్లో అందరికన్నా ముందు తెలిసింది ఆమెకే కాబట్టి, అందరికన్నా ముందు వచ్చిందీ ఆమెకేనని తీర్మానిస్తారు. భర్త ఇంకా పరీక్షే చేయించుకోలేదు. రమ్మన్నా రాడు. అతను జబ్బుపడి పోతే, మొగుణ్ణి మింగిందన్న మాట ఆమె మీద పడుతుంది.

ఆ తర్వాత మాత్ర. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ల బయట కాసేపు నిలబడితే కనబడుతుంది. కొందరు ఆడవాళ్లు డబ్బా చేతికి అందగానే దాని మీది కాగితాన్ని గోటితో గీకి పారేస్తారు. నడుస్తుంటే మాత్రలు గలగలమనకుండా లోపల ఇంత దూది కూరుతారు. ఆ డబ్బా ఇంట్లో ఏ బియ్యం డబ్బాలోనో, ఏ పాత చీరల మధ్యనో ఉంటుంది. రోజూ ఒకే వేళకు వేసుకోవాలని చెప్పి పంపిస్తాం. ఆ వేళకు ఆడపడుచు పక్కనే కూర్చుని ఉంటే ఏం చేయాలో చెప్పం. మాత్ర ఒకటే కావచ్చు, దాన్ని మింగడానికి ఆమె పడే పాట్లు భర్తకు లేవు.

భర్త పోయాక ఇల్లూ పొలమూ ఏమవుతాయి? ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో జరిపి 2006లో వెలువరించిన జాతీయ అధ్యయనంలో, హెచ్‌ఐవీ ఉన్న వితంతువుల్లో పదింట సుమారు తొమ్మిది మంది అత్తవారింట లేరని తేలింది. 79 శాతం మందికి భర్త ఆస్తిలో వాటా ఇవ్వలేదు. నిజానికి హిందూ వారసత్వ చట్టం 1956 నుంచీ భార్యను తొలి వరుస వారసురాలిగానే గుర్తిస్తోంది. అప్పటికే ఆమె నగలు భర్త వైద్యానికి పోయి ఉంటాయి. ఉచిత ఏఆర్‌టీ మనకు 2004 ఏప్రిల్‌లో గానీ మొదలు కాలేదు. అంతకు ముందు మందులు కొన్నది చాలా ఇళ్లలో భార్య బంగారంతోనే.

నాతో వాదించేవారి చేతిలో ఒక బలమైన సంగతి ఉంది, దాన్ని దాటవేయను. మందు నిలకడగా వాడేది ఎక్కువగా స్త్రీలే. ఆలస్యంగా వచ్చేదీ, మధ్యలో మానేసేదీ, ఎక్కువగా చనిపోయేదీ పురుషులు. మరి నష్టపోతున్నది మగవాళ్లే కదా అంటారు. నిజమే, నష్టపోతున్నారు. ఎందుకని? జబ్బు ఉందని ఒప్పుకుంటే మగతనం పోతుందని, ఆస్పత్రి క్యూలో నిలబడటం నామోషీ అని పెంచాం కాబట్టి. జెండర్ అంటే ఆడవాళ్ల గోడు మాత్రమే అనుకోవడం పొరపాటు. ఆ మగవాడు పరీక్ష తప్పించుకున్న ప్రతి ఏడూ అతని భార్యకు ముప్పే. అదే అతను మందు వాడి వైరస్ పరీక్షలో కనబడనంత తగ్గితే లైంగికంగా ఎవరికీ సోకదు. అతన్ని ఆస్పత్రికి రప్పించడమే ఆమెకు రక్షణ. ఆడా మగా తేడా చూడని కార్యక్రమం వాళ్లిద్దరినీ కాపాడలేదు.

పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి చేస్తే సరిపోతుందని కొందరంటారు. పెళ్లిరోజు చూపించిన కాగితం పదేళ్ల తర్వాతి కాపురానికి హామీ ఇవ్వదు.

మన చట్టం ఈ విషయంలో మన నిపుణులకన్నా ముందుంది. 2017లో చేసి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలు చేస్తున్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆడవాళ్ల పేరెత్తి మరీ మాట్లాడింది. సంగతి చెబితే స్త్రీకి హింసో, గెంటివేతో ఎదురవుతుందన్న భయం ఉంటే భాగస్వామికి చెప్పకూడదని వైద్యులను ఆపింది. ఉమ్మడిగా ఉంటున్న ఇంట్లోంచి హెచ్‌ఐవీ ఉన్నవారిని వెళ్లగొట్టకూడదంది. ఈ సంగతి ఎంతమంది ఏఆర్‌టీ పేషెంట్లకు తెలుసు? మందులిచ్చే కిటికీ పక్కనే న్యాయ సహాయం దొరకాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అదే ఆవరణలో, అదే రోజు జరగాలి. గర్భిణికి పరీక్ష రాసినప్పుడు, ఆమె సరేనంటే, భర్తకూ అదే చీటీ మీద రాయాలి. కౌన్సెలర్ ఆమెకు టైము ఇచ్చి, ఇంట్లో ఎవరున్నారని, కొడతారా అని అడగాలి. ఇవి కోట్లు కావాల్సిన పనులు కావు.

ఈ వ్యాసం చదువుతున్న మగవారికి ఒక మాట. మీ భార్యకు ఆస్పత్రిలో రక్తపరీక్ష రాసిన రోజున ఆమెతో పాటు మీరూ వెళ్లండి, ఆమె పక్క కుర్చీలో కూర్చుని మీ చేయి కూడా చాచండి.