ఇద్దరూ మౌనులే, అయినా ఒకటి కారు

మాట తక్కువ, ఆలోచన ఎక్కువ గల పిల్లలందరినీ మనము ఒకే గాటన కడుతుంటాము. వారిలోనూ తేడాలున్నవి. స్విట్జర్లాండు దేశములో ఒక పాస్టరుగారి కుమారుడైన కార్ల్ యుంగ్ 1921లో మనుష్యుల స్వభావములను గూర్చి ఒక గ్రంథము ప్రచురించారు. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ దానిని ఆధారము చేసికొని ప్రశ్నపత్రము తయారుచేసి, మనుష్యులను 16 రకములుగా విడదీశారు. అందులో ఐ.ఎన్.టి.జె., ఐ.ఎన్.టి.పి. అను రెంటికి చివరి అక్షరమే తేడా.

ఆ ఒక్క అక్షరము ఇంటిలో ఎట్లుండునో చూడండి. బోరు మోటారు ఆగిపోయిందనుకొందాము. మొదటి రకము పిల్లవాడు ఎవరిని పిలవాలి, ఏ సామాను తేవాలి అని ముందే నిశ్చయించుకొని సాయంత్రానికి చేనుకు నీరు పారిస్తాడు. రెండవవాడు అది ఎందుకు ఆగిందో తేలేవరకు కదలడు. కారణము తెలిసిన తరువాత మోటారు బిగించుటయే మరచిపోవచ్చు! నాన్నగారికి కోపము రాదా మరి? అయినా వాడిని సోమరి అనుట అన్యాయమని మేమంటాము. వాని పని లోపల జరుగుచున్నది. "శనివారము లోపల తేల్చి చెప్పు నాయనా" అని గడువు పెడితే చాలు. మొదటివానికి గడువు అక్కరలేదు. వాని నిర్ణయము మార్చవలెనంటే కేకలు పనికిరావు, కారణము చూపాలి.

ఈ పరీక్షను మనస్తత్వ శాస్త్రజ్ఞులు అనేకులు అంతగా నమ్మరు. కొన్ని వారములకు మరల వ్రాస్తే చాలామందికి వేరే రకము వస్తుంది. కనుక దీనిని చూచి పిల్లల చదువుగాని, పెండ్లి సంబంధముగాని నిర్ణయించకండి. రెండవవానిని బడి మాన్పించి పనిలో పెట్టాలని తలచే తండ్రులు మాత్రము, ముందు ఒక సాయంత్రము వాని ప్రక్కన కూర్చొని, ఆ మోటారు ఎందుకు ఆగిందో అడగండి.